వానకాకి ఎలా ఉంటుంది

సాన్ ఇసిద్రో, అరిజోనా
మే 21, 1989

ఫీనా, నా చిట్టి పిల్లా,

నువ్వు బస్సెక్కిన దగ్గర్నుంచీ రాద్దామనే అనుకుంటున్నాను. కాగితం ముందు కూర్చుంటే చెయ్యి బిగుసుకుపోతుంది. రొట్టెలు ఒత్తమంటే ఊరందరికీ ఒత్తుతాను గానీ నాలుగు ముక్కలు రాయమంటే నాకు చెమటలు పడతాయి. మూడో తరగతిలో బడి మాన్పించి మా నాన్న నన్ను పత్తి ఏరడానికి పంపాడు, నీకు తెలిసిందే. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఇక్కడ బాగానే ఉన్నాం. మీ నాన్న ఈ వారమంతా దొరగారి దక్షిణపు పొలంలో గాలిమర బాగుచేస్తున్నాడు. ఇంటికొచ్చి తింటాడు, బయట అరుగు మీద కూర్చుంటాడు, పడుకుంటాడు. నేను మాట్లాడితే వింటాడు. అంతే.

నిన్న మీ తమ్ముడి గది తలుపు తీశాను. సెల్మో పోయాక తీయడం ఇదే. దుమ్ము దులుపుదామని వెళ్లి మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. వాడి మెడలోంచి తీసిన దుర్భిణిని మీ నాన్న కడిగి గోడకి తగిలించాడు. ఒక అద్దంలో ఇంకా వాగు మట్టి ఉంది. వేలితో తుడిస్తే రాదు, లోపలికి పోయింది.

ఫీనా, నిన్నొకటి అడగాలి. ఆ రోజు వాడు వెళ్తూ, “అమ్మా, వానకాకి వచ్చింది, చూసి మధ్యాహ్నానికి వచ్చేస్తా” అన్నాడు. నేను పిండి కలుపుతున్నాను. తల కూడా ఎత్తలేదు. సరే అన్నాను. అంత ఎండ కాస్తుంటే వాన ఎక్కడో కొండల్లో కురిసిందని, ఎడారి దిగి నదిలో కలిసే ఆ ఎండువాగుకి ఒక్కసారిగా నీళ్లొస్తాయని ఎవరనుకున్నారు. పోయినవాడు పోయాడు. కానీ వాడు దేన్ని చూడ్డానికి వెళ్లాడో నాకు తెలియదు. ఆ వానకాకి ఎలా ఉంటుంది? ఎంత ఉంటుంది? ఏ రంగు? వాడికి పిట్టల్ని నేర్పింది నువ్వే కదా. నాకు రాసి పంపు.

ఆగస్టు పదకొండుకి వాడి ఏడాది. ఫాదర్‌తో మాట్లాడాను, పూజ చదువుతారు. నువ్వు రావాలి. ఆ రోజు నల్లబట్టలు తీసేస్తారు కదా, కూతురు పక్కన లేకుండా నేనెలా తీసేది.

మీ అమ్మ
హెర్లిందా


అలాస్కా
జూన్ 9

అమ్మా,

నీ ఉత్తరం అందింది. ఈ దీవికి వారానికొక చిన్న విమానం వస్తుంది, అదీ పొగమంచు లేకపోతేనే. పోయిన వారం వచ్చినట్టే వచ్చి, మా నెత్తిమీద గిరగిరా తిరిగి, దిగకుండానే వెళ్లిపోయింది. దాని చప్పుడు వింటూ అందరం బయట నిలబడ్డాం. అందుకే ఈ ఆలస్యం.

నేను బాగున్నాను. చలి. జూన్ నెలలో రెండు స్వెట్టర్లు వేసుకుంటున్నానంటే నువ్వు నమ్మవు. మాతో ఉండే రుత్ అనే అమ్మాయి వండుతుంది, అన్నీ డబ్బాల్లోంచే. పచ్చిమిరపకాయ తిని నెల దాటింది.

ఆగస్టులో రాలేను. సెప్టెంబరు చివరిదాకా ఉంటానని సంతకం పెట్టి వచ్చాను, నేను వెళ్తే నా చోట నిలబడేవాళ్లు లేరు. కోపగించుకోకు.

నువ్వు అడిగినది రాయలేను. పిట్టల సంగతి వదిలెయ్యమ్మా. వాటి గురించి నీకేమనిపిస్తుందో నాకు తెలుసు. అందుకే ఇక్కడ రోజంతా ఏం చేస్తున్నానో కూడా నీకు రాయడం లేదు. దుర్భిణిని మళ్లీ గోడకి తగిలించి తలుపు వేసెయ్. వాగు పక్క నడకదారి వైపు మాత్రం వెళ్లకు.

నాన్నకి నా ముద్దులు.

ఫీనా


సాన్ ఇసిద్రో
జూన్ 25

ఫీనా తల్లీ,

నిన్న సాన్ హువాన్ పండగ. పిల్లలు వీధిలో బక్కెట్లతో నీళ్లు చల్లుకున్నారు. మీ నాన్న పని నుంచి వస్తుంటే మన పక్కింటి చిన్నది తడిపేసింది. ఆయన కోప్పడతాడనుకున్నాను. టోపీ తీసి, నీళ్లు వంచి, మళ్లీ పెట్టుకుని, “ఇక వానలొస్తాయిలే” అన్నాడు. అది ఆయన ఈ నెలలో అన్న పెద్ద మాట.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరుకున్నాను. రెండోసారి ఒళ్లు మండింది. పిట్ట ఎలా ఉంటుందని అడిగితే వదిలెయ్యమంటావా? నాకు చెప్పినా అర్థం కాదనుకున్నావేమో. పుస్తకాలు చదవలేను గానీ కళ్లున్నాయి నాకు. మీ ఇద్దరూ అన్నం తింటూ పళ్లెం మీదుగా ఆ పేర్లన్నీ ఇంగ్లీషులో చెప్పుకుంటుంటే నేను రొట్టెలు కాలుస్తూ వెనక నిలబడేదాన్ని. ఏనాడైనా “అమ్మా, ఇటు రా, చూడు” అన్నారా? నేనూ అడగలేదనుకో. పొయ్యి మీద రొట్టె మాడిపోతుందని నా భయం.

సరే, నువ్వు చెప్పకపోతే నేనే చూసుకుంటానని పోయిన శనివారం పొద్దున్నే సెల్మో టోపీ పెట్టుకుని నడకదారికి వెళ్లాను. అక్కడ వారం వారం పిట్టల్ని చూసే గుంపు వస్తుంది కదా, వాళ్లతో కలిశాను. వాళ్ల పెద్ద మిసెస్ ప్రూయిట్ అని, ఎముకల గూడులాంటి ముసలావిడ, మోకాళ్లదాకా మేజోళ్లు. వచ్చీరాని మన స్పానిష్‌లో మాట్లాడింది.

“మీరు కొత్తగా వచ్చారా, సెన్యోరా?” అంది.

“కొత్తే.”

“మేం ఒహాయో నుంచి. వీళ్లు కెనడా నుంచి. మీరెక్కడి నుంచి?”

“అదిగో, ఆ నీలం తలుపు ఇంట్లోంచి” అన్నాను.

వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, ఫీనా. ఎన్నాళ్లకో నవ్వి, వెంటనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను.

నడుస్తుంటే ఒకాయన ఉన్నట్టుండి, “మూడు గంటలకి, మూడు గంటలకి” అని గుసగుసలాడాడు. మధ్యాహ్నం దాకా ఇక్కడే పడి ఉండాలా, మీ నాన్నకి భోజనం ఎవరు పెడతారు అని కంగారుపడ్డాను. చూస్తే గడియారం ముల్లులా కుడిపక్కకి చూడమని అర్థమట. చూశాను. తుమ్మకొమ్మ చివర ఒక చిన్న పిట్ట, నిప్పుకణికలా ఎర్రగా. ఎగిరి పురుగుని పట్టి మళ్లీ అదే కొమ్మ మీద కూర్చుంది. నలభై ఏళ్లు ఆ దారి పక్కనే కాపురం చేసి దాన్ని నేను ఇప్పుడు చూడటం.

వానకాకి గురించి మాత్రం వాళ్లని అడగలేదు. నోటిదాకా వచ్చింది. నేనెవరి తల్లినో వాళ్లకి తెలియదు, తెలిస్తే ఆ నవ్వు ముఖాలు మారిపోతాయి. అదీగాక నా కొడుకు పిట్టని పరాయివాళ్ల నోటి వెంట వినాలనిపించలేదు. నువ్వు చెప్పాలి. వాళ్లు ఎండలకి వెళ్లిపోయారు, మళ్లీ సెప్టెంబరుకి గానీ రారట.

మీ నాన్ననడిగితే, అది కోకిల జాతిదని సెల్మో ఒకసారి అన్నాడన్నాడు. అంతే చాలు నాకు. రఫాయెలా అత్త ఇంట్లో గోడ గడియారం ఉంది కదా, గంటకోసారి కిటికీ తెరుచుకుని లోపలి పిట్ట కుకూ అంటుంది. గొంతు తెలిసిపోయింది, ఇక ఆకారం సంగతి అదే బయటపడుతుంది. రేపటి నుంచి రోజూ పొద్దున వెళ్లి వాగు దగ్గర కూర్చుంటాను.

మీ అమ్మ


సాన్ ఇసిద్రో
జూలై 16

ఫీనా,

నీ దగ్గర్నుంచి ఏమీ లేదు. పొగమంచేలే అనుకుంటున్నాను.

నేను మాట ప్రకారం వెళ్తున్నాను. మీ నాన్న పనికెళ్లగానే కాఫీ సీసాలో పోసుకుని, రెండు రొట్టెల మధ్య చిక్కుళ్లు పెట్టుకుని బయల్దేరతాను. మొదట్లో మీ నాన్న వెక్కిరించాడు.

“ఏమే, నువ్వు పిట్టల్ని చూస్తున్నావా, పిట్టలు నిన్ను చూస్తున్నాయా?”

“రెండూను” అన్నాను. “వాటి చూపు నీకంటే నయం.”

“మరి ఏం చూశావేంటి ఇవాళ?”

“నీకెందుకయ్యా, నీ గాలిమరకి చెప్పుకుంటావా?”

ఇప్పుడు వెక్కిరించడు. నేను ఎక్కడ కూర్చుంటున్నానో కనుక్కుని, ఆదివారం ఒక చెక్కపెట్టె మోసుకొచ్చి ఒడ్డు మీద, వాగుకి బాగా పైన, సెల్మో పేరున మనం పాతిన శిలువ పక్కన వేసి వెళ్లాడు. కూర్చో అనలేదు. పెట్టె వేసి ఊరికే వెళ్లిపోయాడు.

ఒడ్డున పెద్ద దూదిచెట్లు ఉన్నాయి కదా, ఆకులు ఎప్పుడూ వానపడుతున్నట్టే గలగలమంటాయి. ఒకవైపు ఎడారి మండిపోతుంటుంది, ఇటు నాలుగడుగులు దిగితే ఆ ఆకుల కింద చల్లగా, తడి వాసన. వాడు ఎందుకిక్కడే పడి ఉండేవాడో కొంచెం అర్థమైంది. బూడిదరంగు డేగలు రెండు గూడుకి పాముల్ని మోస్తున్నాయి. ఎర్రపిట్ట నన్ను చూసి ఇప్పుడు ఎగిరిపోవడం లేదు. కుకూ అన్నది మాత్రం ఒక్కటీ లేదు.

వినడానికి కూడా కుదరడం లేదనుకో. నా నెత్తిమీద చెట్టులో ఏదో ఉంది, పెద్ద కప్పో, ఉడతో. చెక్క గరిటెతో ఖాళీ కుండ మీద కొడుతున్నట్టు టకటకటకటక అని మొదలుపెట్టి, అలిసిపోయినట్టు టాక్... టాక్... అని ఆగుతుంది. నేను చెవులు రిక్కించి కుకూ కోసం వింటూంటానా, సరిగ్గా అప్పుడే అందుకుంటుంది. నిన్న చిరాకొచ్చి లేచి నిలబడి చప్పట్లు కొట్టాను, “పో, పోవే ఇక్కణ్ణుంచి” అని. కాసేపు నోరు మూసుకుంది. ఇవాళ మళ్లీ మొదలు.

వానలు పడ్డాయి. పెరట్లో గంగవాయిలి కూర మోకాలెత్తు లేచింది. ఉల్లిపాయ, మిరపకాయ వేసి వేయించాను. సెల్మోకి ఇష్టం కదా, చేయి అలవాటుగా మూడు పళ్లేలు తీసింది. మీ నాన్న చూసి, మూడో పళ్లేన్ని తీసి లోపల పెట్టకుండా తన పళ్లెం కింద పెట్టుకుని తిన్నాడు.

ఏడాది పూజకి నువ్వు వస్తావనే ఇంకా అనుకుంటున్నాను.

మీ అమ్మ


అలాస్కా
జూలై 24

అమ్మా,

నీ జూన్ ఉత్తరం ఇవాళే అందింది. వానల కాలంలో ఆ వాగు దగ్గర రోజూ కూర్చుంటావా? ఇంకెక్కడా చోటు దొరకలేదా? ఇది చేరేసరికి ఎన్ని వానలు పడిపోతాయో అని నాకు ఇక్కడ నిద్ర లేదు.

నువ్వు ఎందుకిలా చేస్తున్నావో నాకు తెలుసు. నేను రానందుకు కోపమైతే తిట్టు, అంతేగానీ నన్ను ఇలా శిక్షించకు. వాణ్ణి మట్టి చేసిన రోజు సమాధుల దగ్గర అందరి ముందూ ఏమన్నావో నీకు గుర్తుందా? “ఆ పిట్టలే తినేశాయి నా కొడుకుని” అన్నావు. నా వైపు చూసే అన్నావు. వాడికి పిట్టల్ని అంటించింది నేనని ఊళ్లో ఎవరికి తెలియదు? ఇప్పుడు ఉత్తరం వెంట ఉత్తరం రాసి ఆ పిట్ట ఎలా ఉంటుందని నన్నే అడుగుతున్నావు. ఏం చెప్పించాలనమ్మా నా చేత?

నీకు అర్థం కాదని కాదు చెప్పనిది. నువ్వలా అనుకున్నావంటే నాకు ఏడుపొచ్చింది. ఎర్రపిట్ట సంగతి చదివి రుత్‌కి కూడా చదివి వినిపించాను. కానీ ఆ ఒక్కటి అడగకు.

పూజకి రాలేను. ఆ రోజు ఇక్కడ దీపం పెడతాను.

ఫీనా


సాన్ ఇసిద్రో
ఆగస్టు 13

నా తల్లీ,

పూజ అయింది. చాలామంది వచ్చారు. బడి పిల్లలు, వాడు చిన్నప్పుడు చదువు చెప్పిన టీచరమ్మ కూడా. రఫాయెలా అత్త మెనూదో, పేగుల పులుసు, వండింది, ఉప్పెక్కువైంది, ఎవరూ ఏమీ అనలేదు. ఆమె నా కోసం ఆకుపచ్చ గౌను ఇస్త్రీ చేసి తెచ్చింది, పూజ అయ్యాక తొడుక్కోవడానికి. “ఇక చాలు లిందా, ఏడాదైంది, తీసెయ్” అని బతిమాలింది. గౌను చేతిలోకి తీసుకున్నాను. వేసుకోలేదు. నువ్వు వచ్చాకనే.

నీ జూలై ఉత్తరం పూజ ముందురోజు వచ్చింది. మీ నాన్న చదివి పెడతానన్నాడు, ఇవ్వలేదు. మంచిదే అయింది.

శిక్షించడమా, ఫీనా? నిన్ను? ఆ మాట అన్నానేమో, నాకు గుర్తు లేదు. ఆ రోజు నేను నేల మీద ఉన్నానో గాలిలో ఉన్నానో గుర్తు లేదు. నీ వైపు చూశానంటావు, చూసే ఉంటాను, ఇంకెవరి వైపు చూస్తాను? నాకు మిగిలినది నువ్వే కదా. చెట్టుని పట్టుకున్నట్టు చూశానే గానీ వేలు చూపించినట్టు కాదు. ఆ మాట మోసుకుని ఏడాదిపాటు తిరిగావా? నేను వంటింట్లో ఉంటే పక్కగదిలోనే కదా ఉన్నావు చలికాలమంతా. ఒక్కసారి వచ్చి అడిగి ఉంటే పోయేది. నేనైనా అడిగి ఉండాల్సింది, ఎందుకే అలా మూగగా తిరుగుతున్నావని. నీకు దుఃఖం అనుకున్నాను. నాతో పంచుకోవడం ఇష్టం లేదనుకున్నాను.

ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్తాను, విను. వాణ్ణి ఒడ్డుకి చేర్చినవాళ్లని అడిగాను, డాక్టర్ని అడిగాను, ఫాదర్‌ని అడిగాను. నేను అడిగేది ఎవరికీ అర్థం కాలేదు. నీళ్లు రాకముందు వాడు దాన్ని చూశాడా? అంతే. వాడు వెళ్లిన పని అయిందా? చూసి ఉంటే, చివరికి సంతోషంగా ఉన్నాడని ఒక మాట నాకు మిగులుతుంది. చూడకుండానే పోయుంటే అది వేరు. అందుకే దాని ఆకారం తెలియాలి, అది అక్కడ తిరుగుతుందో లేదో నా కళ్లతో చూడాలి అని కూర్చుంటున్నాను. నీ మీద ఏ నేరమూ మోపడానికి కాదు.

వాగు సంగతి భయపడకు. నా పెట్టె వాగుకి ఎంతో పైన ఉంది. మొన్న నీళ్లొచ్చాయి కూడా. ఎర్రగా, కట్టెలు, కంపలు నెట్టుకుంటూ. పైన ఎండ. నేను కూర్చున్న చోటునుంచే చూశాను. అది వచ్చే ముందు పెద్ద చప్పుడేమీ ఉండదు, ఫీనా. లారీ దూరంగా పోతున్నట్టు ఉంటుంది.

మీ అమ్మ


అలాస్కా
ఆగస్టు 29

అమ్మా, అమ్మా,

నీ ఆగస్టు ఉత్తరం నిన్న వచ్చింది. జూలైది ముందే వచ్చింది. అది చదివి, జవాబు మొదలుపెట్టి, చింపేసి, రెండు విమానాలు ఊరికే పోనిచ్చాను. అలా చేయకుండా ఉండాల్సింది. ఇది అందగానే నువ్వు చేయాల్సిన పని ఉంది, అందుకే ముందు అదే రాస్తాను.

వానకాకి పావురం కంటే సన్నగా, ఇంచుమించు అంతే పొడుగ్గా ఉంటుంది. వీపు గోధుమరంగు, పొట్ట తెల్లన. ముక్కు కొంచెం వంకర, కింద భాగం పసుపు. రెక్క విప్పితే లోపల తుప్పు రంగు. తోక పొడుగు, కింద నుంచి చూస్తే నల్లటి తోక మీద పెద్ద పెద్ద తెల్ల చుక్కలు. తోకతోనే గుర్తుపట్టాలి. అది కదలదు. ఆకుల్లో ఆకులా కూర్చుని గొంగళిపురుగుల్ని ఒక్కొక్కటే తింటుంది. దాన్ని వెతుక్కుంటూ తిరిగితే కనపడదు, ఒకచోట కూర్చుని అది కదిలేదాకా కాచుకోవాలి. నువ్వు కూర్చున్న పద్ధతే సరైనది.

దాని గొంతు గడియారంలో పిట్ట గొంతులా ఉండదమ్మా. అది యూరపు కోకిల. మనది వేరు. మనది చెక్క మీద కొట్టినట్టు టకటకమని మొదలెట్టి, పోనుపోను నిదానమై ఆగిపోతుంది. నువ్వు కప్ప అనుకున్నది కప్ప కాదు.

నీ నెత్తిమీదే ఉంది. నెలంతా అక్కడే ఉంది. దాని గూడు కూడా ఆ చెట్లలోనే ఉండుంటుంది.

చప్పట్ల సంగతి బాధపడకు, అంతమాత్రాన అది ఎక్కడికీ పోదు. కానీ సెప్టెంబరు నడిమికల్లా దక్షిణానికి వెళ్లిపోతుంది. ఇది చేరగానే వెళ్లు. దుర్భిణి తీసుకెళ్లు, మట్టి లేని అద్దంతో ఒక కన్ను మూసుకుని చూడు. చప్పుడు వచ్చిన వైపు చూడకు, దానికి కొంచెం కిందగా, నీడలో చూడు.

నువ్వు అడిగిన అసలు సంగతి, వాడు చూశాడా లేదా అన్నది, నాకూ తెలియదు. నేనూ రోజూ అదే అనుకుంటున్నాను. ఇంతకంటే నా చేత కాదు.

మంచు తెరిపి ఇస్తే రేపు విమానం వస్తుంది. తెరిపి ఇవ్వాలని అందరికంటే నేనే ఎక్కువ కోరుకుంటున్నాను.

ఫీనా


సాన్ ఇసిద్రో
సెప్టెంబరు 24

ఫీనా, నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం మొన్న సోమవారం చేరింది. మీ నాన్న పోస్టాఫీసు నుంచి తెచ్చి, నేను తడిబట్టలు ఆరేస్తుంటే నా పక్కన నిలబడి పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆ కప్ప సంగతి దగ్గర ఆగిపోయాడు.

“మరి నీకు తెలియదా ఆ గొంతు?” అన్నాను. “గాలిమరలు ఎక్కేవాడివి, నీకైనా తెలియదా?”

“వింటూనే ఉంటాను లిందా. అదేనని ఎవరు చెప్పారు నాకు?”

బట్టలు తీగ మీద సగం అలాగే వదిలేసి ఇద్దరం వెళ్లాం. మీ నాన్న ఆ దారి తొక్కడం, పెట్టె వేసిన రోజు తప్ప, ఇదే. పొద్దుగూకేదాకా కూర్చున్నాం. మర్నాడూ వెళ్లాం. ఆ మర్నాడు నేనొక్కదాన్నే వెళ్లాను. చెట్టు నిశ్శబ్దంగా ఉంది. ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎండాకాలమంతా నోరు మూయమని నేను కసిరాను, ఇప్పుడు ఒక్కసారి, ఒక్కసారి కొట్టమని ఆ చెట్టు కింద నిలబడి అడిగాను.

శనివారం గుంపు తిరిగొచ్చింది. మిసెస్ ప్రూయిట్ నన్ను చూసి, “నీలం తలుపు సెన్యోరా” అని కౌగిలించుకుంది. ఈసారి అడిగాను. నేను సెల్మో తల్లినని కూడా చెప్పాను. ఆవిడకి వాడు తెలుసట. ముఖం మారింది గానీ నేను భయపడినట్టు మారలేదు. నా చెయ్యి పట్టుకుని నడిచింది.

“వెళ్లిపోయాయి తల్లీ” అంది. “ఈ ఏడు కొంచెం ముందే వెళ్లాయి. మీరు విన్నారా వాటిని?”

“వేసవంతా విన్నాను.”

“చూశారా?”

“లేదు.”

వెనక నడుస్తున్న కెనడా ఆయన, “అయ్యో, అయితే లెక్కలోకి రాదు” అన్నాడు. “విన్నది లెక్క కాదు, కళ్లతో చూడాలి.” చెడ్డగా అనలేదు, చూసిన పిట్టల జాబితా రాసుకుంటూ వాళ్లలో వాళ్లు రోజూ అనుకునే మాటలాగే అన్నాడు. మిసెస్ ప్రూయిట్ ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆయన పాపం చెవులదాకా ఎర్రబడి, సంచిలోంచి బిస్కెట్లు తీసి నాకు పెట్టాడు.

నేను అక్కడే ఆగిపోయాను, ఫీనా. అప్పుడు అర్థమైంది నాకు. సెల్మో ఆ గొంతుని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉండుంటాడు, మన పెరట్లోకి కూడా వినపడుతుంది అది. వినడానికైతే వాగులో దిగి అంతసేపు కూర్చోవాల్సిన పని లేదు. వాడు చూడాలని ఉండిపోయాడు. ఆ లెక్క వాడికి చెప్పింది నువ్వే అయుంటావు. పళ్లెం మీదుగా చెప్పి ఉంటావు, “నువ్వు విన్నావంతే, నేను చూశాను” అని వాణ్ణి ఉడికించి ఉంటావు. నీ ఉత్తరాల్లో నువ్వు చుట్టూ తిరిగి రాయకుండా వదిలేసేది అదేనా? అదే అయితే, నువ్వు రాయక్కర్లేదు. అక్క తమ్ముణ్ణి ఉడికిస్తుంది. నేను మా తమ్ముళ్లని ఎంత ఉడికించానో. ఏ ఇంట్లోనైనా అంతే, వాగుకి నీళ్లు రాకపోతే అది నవ్వుకునే మాటే అయ్యేది. వాడు పోయింది నీళ్ల వల్ల. పిట్టల వల్ల కాదు, నీ వల్ల అసలే కాదు. సమాధుల దగ్గర నేనన్న మాట ఏదైనా సరే, ఇది రాసి పంపుతున్నాను, ఇది దగ్గర పెట్టుకో.

నీ ఆలస్యం గురించి కూడా ఏమీ అనుకోకు. మంచు వల్ల అయిందని నేను అందరికీ చెప్పాను. నువ్వూ అలాగే చెప్పు.

వాడు చూశాడో లేదో ఇక ఎప్పటికీ తెలియదు. అది ఒప్పుకోవడానికి ఈ వారమంతా పట్టింది. కానీ విన్నాడు, తల్లీ. ఆ గొంతు అక్కడ ఆగకుండా ఉంటుందని నాకు తెలుసు, వేసవంతా నా చెవులతో నేనే విన్నాను. నీళ్ల చప్పుడు కంటే ముందు వాడి చెవిలో అదే ఉండుంటుంది. వాళ్ల లెక్క వాళ్లది. మన ఇంట్లో విన్నది కూడా లెక్కే.

బాధల్లా ఒక్కటే. వాడు విన్న గొంతు నా దగ్గరకి రోజూ వచ్చింది, నేను దాన్ని తరిమాను. నువ్వు నా పక్కగదిలోనే ఉన్నావు, నేను తలుపు కొట్టలేదు. నాకు దేన్ని వినాలో తెలియదు, ఫీనా. నేర్చుకుంటున్నాను. ఈ వయసులో.

మీ నాన్న నిన్న దుర్భిణి విప్పి, ఆ అద్దం లోపలి మట్టి తీయడానికి కూర్చున్నాడు. వద్దన్నాను. కొంచెం సేపు చేతిలో పట్టుకుని మళ్లీ బిగించేశాడు.

నీ పని ఈ నెలాఖరుకి అయిపోతుంది కదా. ఇంటికి వస్తే సంతోషం. ఇంకా రాలేననిపిస్తే ఎక్కడికైనా వెళ్లు, నేను అలగను, ఆకుపచ్చ గౌను మడత పెట్టే ఉంటుంది. కానీ అక్కడ నువ్వు రోజంతా చూసే పిట్టలు ఎలాంటివో, ఏం తింటాయో, ఎలా అరుస్తాయో ఈసారి రాయి. పెద్ద పెద్ద పేర్లు ఉంటే మీ నాన్నతో చదివించుకుంటాను. మాకు పొద్దుపోవాలి కదా.

మిరపకాయలు ఎండబెట్టి ఒక పొట్లం కట్టి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఆ రుత్‌కి కూడా కొంచెం పెట్టు, కళ్లు కాలిపోకుండా చూసుకోమను. డబ్బాల కూడు ఇక చాలు, వేడిగా ఏదైనా వండుకో.

మీ అమ్మ
హెర్లిందా

చిక్కిపోయి ఉంటావు. బాగా తిను, తల్లీ.